జ్వరం లేని థర్మామీటర్

మా డిపోలో బస్సు దేన్ని గుద్దినా, దేనితో గుద్దించుకున్నా, మొదట అడిగే ప్రశ్న ఒకటే: డ్రైవర్ ఎవరు? బ్రేకు పట్టిందా లేదా, రోడ్డు మీద నూనె పడి ఉందా, ముందువాడు చెప్పాపెట్టకుండా ఆగాడా, అవన్నీ తర్వాతి సంగతి. ఇన్నేళ్ళుగా స్టీరింగ్ పట్టుకున్నదాన్ని కాబట్టి ఈ పద్ధతి నాకు అలవాటే. ఇంట్లో కూడా ఇదే పద్ధతి నడుస్తోందని తెలుసుకోవడానికే కాస్త ఆలస్యమైంది.

డిపోలో నన్ను హారన్ అంటారు. నా వెనకాలే అంటారు. ఎదురుగా అన్నవాళ్ళకి ఆ పేరు ఎందుకొచ్చిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇంట్లో నలుగురం. మా ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తారు. అత్తయ్య ఇల్లు నడుపుతుంది, ఆ బండికి వారానికో రోజు సెలవు కూడా లేదు. ఇక మా బుడ్డది, ఈ మధ్యే రెండో తరగతిలోకి వచ్చింది. అది కడుపులో ఉన్నప్పుడు నన్ను బస్సు దించి టికెట్ల కౌంటర్లో కూర్చోబెట్టారు. కడుపుతో ఉన్న డ్రైవర్ని స్టీరింగ్ దగ్గరికి రానివ్వకపోవడం నిబంధన, దాన్ని నేనేమీ అనను. కానీ కాన్పయ్యాక ఆ స్టీరింగ్ తిరిగి ఇవ్వడానికి రెండేళ్ళు తిప్పారు. ఇవాళ మేనేజరు లేడు, రేపు వైద్య పరీక్ష, ఎల్లుండి ఖాళీ లేదు. కౌంటర్ అద్దం వెనక కూర్చుని, నా బస్సుని ఇంకొకరు గేరు కూడా సరిగ్గా మార్చకుండా కరకరలాడించుకుంటూ తీసుకుపోతుంటే, నా ఎముకలే కరకరలాడినట్టుండేది. ఒక్క పిల్ల చాలని అప్పుడే అనుకున్నాను. ఆయనా సరే అన్నారు. సరే అన్నవాళ్ళు ఆ తర్వాత ఏం చేస్తారంటే, ఏమీ చెయ్యరు. చెయ్యాల్సిందంతా నేను రోజూ మింగే మాత్ర చేసేది.

ఈ ఏడాది నాకు పొడుగు బస్సు రావాలి. రెండు పెట్టెల్ని మధ్యలో ముడతల రబ్బరుతో కలిపి కుట్టినట్టుండే బస్సు. మలుపు తిరిగేటప్పుడు ముందు పెట్టె ఒక వీధిలోనూ వెనక పెట్టె ఇంకో వీధిలోనూ ఉంటుంది. మా డిపోలో ఇంతవరకు దాన్ని ఏ ఆడదీ నడపలేదు. శిక్షణకి నా పేరు ఖాయమైంది. అదెంత ఆనందమో ఎవరికీ చెప్పలేదు గానీ, ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి ఆ బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేదాన్ని.

సరిగ్గా అప్పుడే తలనొప్పి మొదలైంది. డిపో క్యాంటీన్‌లో టీ తాగుతుండగా కంటి పక్కన వంకరటింకర మెరుపు ఒకటి వెలిగి, గ్లాసు సగం కనిపించడం మానేసింది. కాసేపటికి మెరుపు పోయింది, దాని వెనకే తల పగిలిపోయే నొప్పి. స్టీరింగ్ మీద ఉన్నప్పుడు రాలేదు కాబట్టి బతికిపోయాను.

ఆయన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ అంతా విని, ఏమేం మందులు వాడుతున్నానో అడిగింది. చెప్పాను.

"ఇలా మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్ళకి ఆ గర్భనిరోధక మాత్ర పనికిరాదమ్మా. పక్షవాతం వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది. ఇవాళ్టి నుంచే ఆపెయ్."

"ఇన్నేళ్ళు మింగాను కదండీ, ఏమీ కాలేదు."

"అప్పుడు మెరుపులు లేవు కదా. ఇప్పుడొచ్చాయి."

ఆమె ఓపిగ్గా మిగతా దారులన్నీ చెప్పింది. లోపల పెట్టే రాగి సాధనం ఉందట, ఏళ్ళ తరబడి పని చేస్తుందట, కాకపోతే కొందరికి రక్తస్రావం ఎక్కువవుతుందట. నా రూటులో ఈ చివరి స్టాపు నుంచి ఆ చివరి స్టాపు దాకా బాత్రూమ్ లేదు. ఆ ఒక్క మాటతో అది వద్దన్నాను. హార్మోన్ ఉన్న ఇంకో రకం ఉందట, దాంతో రక్తస్రావం తగ్గుతుందట, నాలాంటి తలనొప్పి ఉన్నవాళ్ళకీ చాలావరకు ఫరవాలేదట. చేతిలో చర్మం కింద పెట్టే చిన్న పుల్ల కూడా అలాంటిదేనట. ఆలోచించి చెప్తానన్నాను. ఆ తర్వాత ఫోన్‌లో వాటి గురించి వీడియోలు చూశాను. ఒకావిడ జుట్టు ఊడిందని ఏడ్చింది. ఇంకొకావిడ నవ్వుతూ బ్రహ్మాండం అంది. ఏడ్చినావిడ మాటే నాలో నాటుకుంది, భయానికి ఎప్పుడూ గొంతు పెద్దది.

"మగవాళ్ళకి కూడా చిన్న ఆపరేషన్ ఉంది. వీటన్నిటికన్నా అదే సులువు," అంది డాక్టరమ్మ చివర్లో, ఆయన వైపు చూసి.

ఆయన అప్పుడే గోడ మీదున్న కంటి పరీక్ష చార్టుని పరిశీలించడం మొదలుపెట్టారు. రోజూ షాపులో చూసే చార్టే.

ఆ రోజుల్లోనే రేడియో నాకు యాప్ గురించి చెప్పింది. రేడియో అంటే మా డిపోలో కొత్తగా చేరిన డ్రైవర్ పిల్ల. దానికి ఆపే మీట ఎవరూ పెట్టలేదు.

"మందు లేదక్కా, సూది లేదు, లోపల పెట్టేది లేదు. పొద్దున్న లేవగానే నాలుక కింద థర్మామీటర్ పెట్టుకుని ఎంతుందో యాప్‌లో కొట్టడమే. ఒంటి వేడి కాస్త పెరిగితే గుడ్డు విడుదలైపోయిందని దానికి తెలుస్తుంది. ఎర్ర రోజు జాగ్రత్త, పచ్చ రోజు ఫ్రీ. నేను ఏడాది నుంచి వాడుతున్నా, ఒక్కసారి కూడా తేడా రాలేదు."

దానికి తేడా రాలేదన్న మాట నిజమే. దానిది పగటి డ్యూటీ, రోజూ ఒకే వేళకి లేస్తుంది. నాది ఒక వారం తెల్లవారుజాము బస్సు, ఇంకో వారం మధ్యాహ్నం బస్సు. ఆ ముక్క ఆ పూట మా ఇద్దరికీ తట్టలేదు.

ఆయనకి యాప్ తెగ నచ్చింది. "ప్రకృతి సిద్ధం, ఒంటికి ఏ హానీ లేదు," అని ఆ యాప్ ప్రకటనలో మాటలే నాకు తిరిగి చెప్పారు. రోజూ షాపుకి వెళ్ళేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "సిగ్నల్ ఏం పడింది?" అని కన్ను గీటేవారు. మొదట్లో నవ్వొచ్చేది. రోజంతా సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి ఇంటికొస్తే, ఇంట్లో నేనే సిగ్నల్ స్తంభాన్నయ్యాను. నాలుగు రోజులకే నవ్వు పోయింది. ఎర్ర రోజుల్లో ఆయన చేతిలో ఉన్న పని ఒక్కటే, షాపు పక్కన మందుల దుకాణంలో ఓ ప్యాకెట్ కొనడం. అది కూడా ఆయనకి మొహమాటం. "దుకాణం వాడు తెలిసినవాడే, ఏమనుకుంటాడో" అనేవారు. పెళ్ళయి పిల్ల ఉన్న మనిషి గురించి ఏమనుకుంటాడు, బ్రహ్మచారి అనుకుంటాడా?

ఇదంతా అత్తయ్యకి తెలియకుండా నడిచింది. మా ఇంట్లో ఇలాంటి మాటలు పైకి రావు. టీవీలో ప్రకటన వస్తే ఎవరో ఒకరు దగ్గుతారు, ఇంకొకరు నీళ్ళకి లేస్తారు. అందుకే థర్మామీటర్‌ని దిండు కింద పెట్టుకునేదాన్ని. తలనొప్పి మూలంగా లేవగానే ఫోన్ చూడొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి, ఫోన్ హాల్లో ఉండేది, నా మంచం పక్కన పాతకాలం అలారం గడియారం ఉండేది. థర్మామీటర్ చివరి లెక్కని గుర్తుపెట్టుకునేది. టీ తాగాక దాన్ని చూసి యాప్‌లో కొట్టేదాన్ని. మధ్యాహ్నం డ్యూటీ వారాల్లో కూడా అలారాన్ని తెల్లవారుజాముకే పెట్టుకునేదాన్ని, రోజూ ఒకే వేళకి చూడాలి కదా. చూసుకుని మళ్ళీ పడుకునేదాన్ని.

ఆ నెల రేడియో వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ పడింది. మా డిపోలో డ్యూటీలు మార్చుకోవడం మామూలే, ఎవరి కొంప మునిగినా ఇంకొకరు వెళ్ళి బస్సెక్కుతారు, ఆఫీసు కళ్ళు మూసుకుంటుంది. నా తెల్లవారుజాము వారం దానికిచ్చి, నేను మధ్యాహ్నం డ్యూటీలే వరసగా రెండు వారాలు చేశాను. ఒళ్ళు హూనమైంది. ఆ రోజుల్లో అలారం మోగినట్టే గుర్తు లేదు. ఎండ మొహాన పడితే లేచేదాన్ని. నిద్రమత్తులో నేనే నొక్కేసి ఉంటానులే అనుకుని, పక్క దిగకముందే థర్మామీటర్ నోట్లో పెట్టుకునేదాన్ని. లేవకముందే కదా పెట్టుకున్నాను, చాలు అనుకున్నాను. వేడి కొంచెం ఎక్కువే చూపించింది. యాప్ పచ్చబడింది. ఆ సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ ఇంటికొచ్చారు.

ఆ తర్వాత రావాల్సిన నెలసరి రాలేదు.

మొదట అలసట అనుకున్నాను. తర్వాత ఏమీ అనుకోకుండా ఉండాలని చూశాను. పొడుగు బస్సు చుట్టూ తిరగడానికి వెళ్ళడం మానేశాను. చివరికి ఒక పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చెప్పాను. ఆయన చేతులు ఆగాయి.

"పచ్చ చూపించింది కదా?"

"చూపించింది."

"మరి ఎలా?" మరో గుండీ పట్టుకుని మెల్లిగా అన్నారు, "నువ్వు సరిగ్గా పెట్టుకోలేదేమో."

డ్రైవర్ ఎవరు?

నేనేమన్నానో ఇక్కడ రాయను. హారన్ ఆ పొద్దున వీధి చివరిదాకా వినిపించింది, పక్కింటివాళ్ళ కిటికీ మూసుకుంది. ఆయన గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని షాపుకి పోయారు. పోయాక నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. కోపంతో కాదు, భయంతో. మళ్ళీ ఆ కౌంటర్ అద్దం వెనక కూర్చుంటే, ఈసారి లేవనేమోనని భయం.

పరీక్ష చేసే పట్టీ కొనడానికి కూడా ధైర్యం చాలక ఇంకొన్నాళ్ళు లాగాను. మళ్ళీ మధ్యాహ్నం డ్యూటీ వారం వచ్చింది. అలవాటు కొద్దీ అలారం పెట్టాను గానీ నిద్ర పడితే కదా. కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాను, కిటికీ అప్పుడప్పుడే తెల్లబడుతోంది. ఆయన సరుకు తేవడానికి తొందరగా వెళ్ళిపోయారు. తలుపు కిర్రుమంది. అత్తయ్య పిల్లిలా లోపలికొచ్చింది. బుడ్డదాన్ని బడికి లేపడానికి రోజూ వస్తుంది, అది నాకు తెలుసు. తెలియనిదేమిటంటే, ఆమె ముందు నా తల దగ్గరికి వచ్చింది. వంగి, గడియారం మీద మీట నొక్కి, అలారం మోగకుండా చేసింది. దుప్పటి నా భుజం మీదకి లాగింది. అప్పుడు బుడ్డదాన్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నీ ఒక్క క్షణంలో అతుక్కున్నాయి. ఆమెకి మనవడు కావాలి. పైకి ఎప్పుడూ అనలేదు, కానీ పక్కింటి చంటివాణ్ణి ఎత్తుకున్నప్పుడు ఆమె మొహం నేను చూడలేదా? యాప్ సంగతి ఎలాగో పసిగట్టింది. అలారం ఆపింది. నన్ను ముంచింది. దుప్పటి తన్నేసి వంటింట్లోకి వెళ్ళాను.

"ఎన్నాళ్ళ నుంచి ఆపుతున్నారు ఆ గడియారం?"

అత్తయ్య పాలగిన్నె పట్టుకుని తిరిగింది. దొంగలా దొరికిపోయిన మొహం. "డ్యూటీలు మార్చుకున్నావు చూడు, అప్పట్నుంచమ్మా."

"ఎందుకు? నేనేం పాపం చేశాను మీకు?"

ఆమె గిన్నె కింద పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నేను ఎదురుచూసిన మాట ఏదీ ఆమె నోట రాలేదు.

"నీకేం జబ్బు తల్లీ?" అంది. "ఇంకా ఎన్నాళ్ళు దాస్తావు నా దగ్గర?"

"నాకు జబ్బేమిటి?"

"రోజూ పొద్దున్నే జ్వరం చూసుకుంటున్నావు. థర్మామీటర్ దిండు కింద దాస్తున్నావు. పక్క వేస్తుంటే చేతికి తగిలింది, మళ్ళీ అక్కడే పెట్టేశాను. జ్వరం చూసుకున్నాక ఫోన్‌లో ఏదో రాసుకుంటున్నావు, డాక్టరుకి పంపిస్తున్నావనుకున్నాను. జబ్బుందని తెలిస్తే బస్సు తీసేసుకుంటారని దాస్తున్నావు కాబోలని నేనూ నోరు మెదపలేదు. వాడిక్కూడా చెప్పలేదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిద్రయినా పోనీ పాపం అని ఆపాను. ఒళ్ళు బాగోలేనివాళ్ళకి నిద్రని మించిన మందేముంది? నీ గ్లాసు కూడా వేరే పెడుతున్నాను, బుడ్డదానికి అంటుకుంటుందేమోనని. కోపం తెచ్చుకోకమ్మా."

ఈ మధ్య టీ ఎప్పుడూ పూల గ్లాసులోనే ఎందుకొస్తోందో అప్పుడు అర్థమైంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కలిపి చేశాను. వంటింటి గట్టు పట్టుకుని నిలబడి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా మధ్య ఎప్పుడూ దొర్లని మాటలన్నీ ఆమెకి చెప్పాను. మాత్ర, మెరుపులు, యాప్, ఎర్ర రోజు, పచ్చ రోజు. ఆలస్యంగా లేస్తే ఒంటి వేడి కాస్త పెరుగుతుందని ఆ మధ్యే యాప్ సూచనల్లో చదివాను, అదీ చెప్పాను. చదవాల్సిన వేళకి చదవలేదు. ఆమె దగ్గలేదు, నీళ్ళకి లేవలేదు. పాలు పొంగిపోతుంటే కూడా చూసుకోలేదు.

"అయితే నేను ఆపడం వల్లేనా?" అంది చివరికి.

"నేను చెప్పకపోవడం వల్ల అత్తయ్యా."

"ఒక్క మాట చెప్పుంటే, నేనే లేపేదాన్ని కదే నిన్ను."

ఆ మాట నిజం. మా ఇంట్లో అందరికన్నా ముందు, రోజూ ఒకే వేళకి లేచే మనిషి ఆమే.

పట్టీ ఆమే తెచ్చింది. ఆయన మొహమాటపడే అదే దుకాణానికి వెళ్ళి, "కడుపు పరీక్ష చేసేది ఇవ్వు నాయనా, మంచిది ఇవ్వు," అని నలుగురిలో అడిగి తెచ్చింది. ఆ దుకాణం వాడు ఏమనుకున్నాడో మరి. పట్టీ మీద రెండు గీతలు పడ్డాయి. రెండోది మొదట లేతగా వచ్చి, నేను చూస్తూ ఉండగానే ముదిరింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చారు. నేను డ్యూటీకి యూనిఫాం వేసుకుని ఉన్నాను. పట్టీ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, మెల్లిగా మొహం విప్పారింది. అది ఆపుకుందామని చూశారు గానీ ఆ మొహానికి దాపరికం చేతకాదు.

"సరే, అయిందేదో అయింది," అన్నారు. "ఇప్పుడు ఎవరిననుకుని ఏం లాభం? బుడ్డదానికీ తోడుంటుంది. వచ్చేది వచ్చింది, ఉంచేసుకుందాం. శిక్షణ ఎక్కడికి పోతుంది, వచ్చే ఏడాది తీసుకోవచ్చు. అమ్మా, విన్నావా?"

అత్తయ్య కంచంలో అన్నం పెడుతోంది. గరిట ఆగింది.

"నీ పెళ్ళాన్ని అడిగావా?"

"ఏమిటి అడిగేది?"

"ఉంచుకుందామని నువ్వన్నావు. దానికేం కావాలో అడిగావా?"

ఆయన నవ్వబోయారు. "అదేంటమ్మా, నీకూ సంతోషమే కదా!"

"నాకైతే కావాలనే ఉందిరా. పొద్దున్నుంచి ఆ పట్టీ చూసినప్పుడల్లా ప్రాణం లేచొస్తోంది. కానీ అడగాల్సింది నన్ను కాదు." ఆమె గరిట పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది. కొడుకు తింటుంటే ఆమె అలా ఎదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "మీరు నలుగురు నాకు. ఇద్దరు పుట్టాక ఇంక చాలనిపించింది. నర్సమ్మ ఇంటికొచ్చి, పిల్లలు పుట్టకుండా లూపు వేయిస్తానంటే మీ నాయనమ్మ గుమ్మంలోంచే పంపించేసింది. నేను లోపల బియ్యం ఏరుతూ వింటున్నాను, బయటికొచ్చి నాకు కావాలి అనలేకపోయాను. మూడోది పుట్టింది. తర్వాత నువ్వు. నువ్వు పుట్టిన మర్నాడు కళ్ళు తెరిస్తే కడుపు మీద కుట్లు. ఏమిటని అడిగితే, మీ నాన్న ఒప్పుకున్నారు, ఆపరేషన్ చేసేశాం అన్నారు. కనేటప్పుడూ నన్నెవరూ అడగలేదు, ఆపేటప్పుడూ ఎవరూ అడగలేదు."

ఆయన మొహం పాలిపోయింది. నలుగురిలో చివరివాడాయన. ఇద్దరితో చాలనుకున్న అమ్మకి తను ఏ లెక్కలోకి వస్తాడో ఆయనకి అర్థమైంది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అంటే నేను..."

"నువ్వు పుట్టినందుకు నాకే బాధా లేదురా పిచ్చివాడా. నిన్ను చూసుకునే బతికాను. మిగతా ముగ్గురికీ తెలుసు ఆ సంగతి, కుళ్ళుకుంటారు కూడా." ఆమె ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది. "నిన్ను ఎంత ప్రేమించినా, అడగలేదన్న బాధ మాత్రం పోలేదు. రెండూ ఉన్నాయి లోపల. ఒకదాన్ని ఇంకోటి తుడిచెయ్యలేదు. దాని గుండెల్లో అలాంటిది పెట్టకు."

బుడ్డది బడి నుంచి భోజనానికి వచ్చే వేళయింది. వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. మాటకి ముందు హాస్యం, మాట తర్వాత హాస్యం, మధ్యలో మాట ఉండదు మా ఆయనకి. ఆ పూట హాస్యం ఏదీ దొరకలేదనుకుంటాను.

"నీకేం కావాలి?" అన్నారు.

నన్నే అడుగుతున్నారు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, ఎన్నాళ్ళ నుంచో ఉంది. అయినా ముందు బుడ్డది గుర్తొచ్చింది. పుట్టినప్పటి దాని ఎర్రటి పిడికిళ్ళు గుర్తొచ్చాయి. ఇంకో పిడికిలి ఎలా ఉంటుందో అన్న ఊహ కూడా వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. అది వచ్చి వెళ్ళాక కూడా జవాబు మారలేదు.

"నాకు వద్దు," అన్నాను.

ఆయన కంచం పక్కకి జరిపారు. "సరే," అన్నారు. అదివరకు కూడా సరే అన్నారు కానీ, ఈ సరే ఆయన గొంతులోంచి ముల్లులా బయటికొచ్చింది. అందుకే నమ్మాను.

డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. అత్తయ్యని వద్దన్నా వినలేదు. లోపలికి మాత్రం నన్నొక్కదాన్నే పిలిచింది డాక్టరమ్మ. యాప్ సంగతి, గడియారం సంగతి అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"యాప్ అబద్ధం చెప్పలేదు, నువ్వూ తప్పు చెయ్యలేదు. అలాంటి పద్ధతికి రోజూ ఒకేలా తెల్లారే బతుకు కావాలి. నీది అలాంటిది కాదు. రెండూ ఒకదానికొకటి సరిపడలేదు, అంతే." తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని నా కళ్ళలోకి చూసింది. "ఇప్పుడు ఒకటడుగుతాను. ఈ నిర్ణయం నీదేనా? ఇంట్లో ఎవరైనా చెయ్యమన్నారా, వద్దన్నారా? వాళ్ళని పక్కన పెట్టి చెప్పు. ఇంకా ఆలోచించుకోవాలంటే సమయం ఉంది."

"నాదే," అన్నాను.

తొలి వారాలే కాబట్టి మాత్రలతో సరిపోతుందని, ఎలా ఉంటుందో, ఎంత నొప్పి వస్తుందో, ఏం జరిగితే వెంటనే రావాలో వివరంగా చెప్పింది. ఆ తర్వాతి రోజుల కోసం చేతిలో పెట్టే పుల్ల గురించి మళ్ళీ అడిగాను. ఈసారి నా ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాను, ఫోన్‌ని కాదు.

బయటికొచ్చేసరికి ఆయన బెంచీ మీద లేరు. నడవా చివర నర్సుతో మాట్లాడుతున్నారు. నన్ను చూసి వచ్చి, "మగవాళ్ళది నిజంగానే చిన్నదట. సూది కూడా సన్నగానే ఉంటుందట," అన్నారు. నుదుటి మీద చెమట పట్టి ఉంది. చేయించుకుంటే అప్పుడు నమ్ముతానన్నాను. ఆయన మందులు తేవడానికి కిందికి వెళ్ళారు.

అత్తయ్య బెంచీ చివర సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. లోపల ఏం జరిగిందో, ఎంత సేపు పడుతుందో, ప్రమాదమేమీ లేదు కదా అనో అడుగుతుందనుకున్నాను. ఆమె అవేవీ అడగలేదు.

"నిన్ను అడిగారా?" అంది.

"అడిగారత్తయ్యా. రెండుసార్లు అడిగారు."

ఆమె తలూపింది. "మంచిది," అంది. ఇంకోసారి తలూపింది. అంతవరకు ఆ పట్టీ చూసినప్పుడు ఏడవని మనిషి, కొడుకు ముందు ఏడవని మనిషి, ఆ ఆసుపత్రి నడవాలో వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తుండగా నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.